అర కొండకు ఆరుగురు

చేతుల్లో రెండు ఇనుప తాళ్లు. కాళ్ల కింద గోడలా నిలబడ్డ నున్నటి రాయి. ముందు ఒకరి బూట్లు, వెనక ఇంకొకరి ఆయాసం. కుడికి చూసినా ఎడమకి చూసినా ఆకాశమే!

‘అక్కా, అక్కడ నిలబడి నేను తలుచుకున్నది దేవుణ్ని కాదు, ఇంట్లో గీజర్ ఆపానా లేదా అని’ అన్నాడు మా పిన్ని కొడుకు. నవ్వొచ్చింది కానీ వాడి గొంతులో మాత్రం నవ్వు లేదు. ఇదంతా 2019 సంగతి. ‘అమ్మకి మాత్రం చెప్పకు’ అని ఒట్టేయించుకున్నాడు కాబట్టి ఇన్నాళ్లూ రాయలేదు. ఆ ఒట్టు ఎలా తీరిపోయిందో చివర్లో చెబుతాను.

సెలవులొస్తే ఇండియన్ స్టోర్‌లో సరుకులు, ఎవరో ఒకరింట్లో బిర్యానీ, రాత్రికి తెలుగు సినిమా... కాలిఫోర్నియాలో మనవాళ్ల వారాంతాలు చాలావరకూ ఇలాగే గడిచిపోతాయి. వాడిది తెనాలి, ఉద్యోగం సన్నీవేల్‌లో. అపార్ట్‌మెంట్ గోడకి ఒక పోస్టర్ ఉండేది. నిలువునా కోసిన బూందీ లడ్డూలా సగం గుండ్రంగా, సగం చదునుగా ఉన్న ఒక బూడిద రంగు కొండ బొమ్మ. పేరు హాఫ్ డోమ్. యోసెమిటీ జాతీయ పార్కులో ఉంది. మనలో చాలామంది దాన్ని తెలియకుండానే చూసి ఉంటారు. పిల్లలు వేసుకునే నార్త్ ఫేస్ జాకెట్ల మీది గుర్తుకు ఆ కొండే స్ఫూర్తి. 2005లో కాలిఫోర్నియా పేరుతో విడుదలైన పావు డాలరు నాణెం మీదా అదే ఉంటుంది.

దాని మీదికి ఎక్కాలన్నది ఆరుగురి కోరిక. వీడు కాక ఒక జంట ఉన్నారు. అమ్మాయిది ఖమ్మం, అబ్బాయిది గుంటూరు. వరంగల్, రాజమండ్రి కుర్రాళ్లు ఇద్దరు, నెల్లూరు అమ్మాయి ఒకరు. అందరూ ముప్ఫైకి అటూ ఇటూ. రోజుకి పది గంటలు కుర్చీలో కూర్చునేవాళ్లే.

ఇక్కడా లాటరీయే!

ఎక్కాలనుకుంటే సరిపోదు, అనుమతి దొరకాలి. ఒకప్పుడు ఎవరైనా వెళ్లిపోయేవారు. సెలవు రోజుల్లో వెయ్యి మందికి పైగా ఆ తాళ్ల మీద వేలాడుతుంటే, కింద వాన మొదలైనా దిగడానికి దారి ఉండేది కాదు. దాంతో 2010లో వారాంతాలకీ, 2011 నుంచి అన్ని రోజులకీ పర్మిట్ పెట్టారు. ఇప్పుడు రోజుకి దాదాపు 300 మందికే అవకాశం. అసలు లాటరీ మార్చిలో జరుగుతుంది. ఒక్కరు తమ పేరు మీద ఆరుగురి వరకూ అడగొచ్చు. అక్కడ తగలకపోతే, వెళ్లాలనుకున్న తేదీకి రెండ్రోజుల ముందు ఇంకో చిన్న లాటరీ ఉంటుంది. హెచ్-1బి వీసా నమోదు కూడా ఇప్పుడు మార్చిలోనే కదా... మనవాళ్లకి ఆ నెలంతా అదృష్టం చూసుకోవడంతోనే సరిపోతుందన్నమాట.

వీళ్లకి రెండేళ్లు తగల్లేదు. మూడో ఏడు ఖమ్మం అమ్మాయి పేరు మీద వచ్చింది, అదీ సెప్టెంబరు 1కి. లేబర్ డే సోమవారంతో కలిపి మూడు రోజుల సెలవు. అంతకన్నా ఏం కావాలి!

వచ్చాక మాత్రం భయపడ్డారు. ఎందుకంటే అది మామూలు నడక కాదు. రానూపోనూ కనీసం 14 మైళ్లు, అంటే దాదాపు 23 కిలోమీటర్లు. లోయ నుంచి 4,800 అడుగులు ఎక్కాలి. కొండ కొమ్ము సముద్ర మట్టానికి 8,800 అడుగుల పైనే ఉంటుంది. పది నుంచి పన్నెండు గంటల పని. తిరుమలకి అలిపిరి మెట్లెక్కిన అనుభవం ఆరుగురికీ ఉంది. కానీ అలిపిరిలో 3,550 మెట్లూ ఎక్కాక దర్శనం చేసుకుని బస్సులో దిగొచ్చు. ఇక్కడ ఎక్కినవాళ్లే దిగాలి.

జూన్ నుంచి సాధన మొదలుపెట్టారు. ప్రతి శనివారం దగ్గర్లోని మిషన్ పీక్ ఎక్కడం, వీపు సంచిలో నీళ్ల సీసాలు పెట్టుకుని ఆఫీసు మెట్లెక్కడం... ‘ఫైర్ డ్రిల్ అనుకున్నారు మా మేనేజరు’ అని నవ్వాడు వాడు.

టెంటులో ఆవకాయ వద్దు

ఆగస్టు 31, శనివారం పొద్దున్నే బయల్దేరారు. దారిలో లివర్‌మోర్‌లోని శివ-విష్ణు ఆలయంలో ఆగారు. ‘ఈ సెలవుల్లో లివర్‌మోర్ గుడికి వెళ్తున్నాం’ అని పిన్నికి ఫోన్‌లో చెప్పిన మాట నిలబెట్టుకోవాలి కదా! అక్కణ్నుంచి ఓక్‌డేల్ మీదుగా మలుపుల రోడ్డెక్కి, మధ్యాహ్నానికి లోయలోకి దిగారు.

రాత్రి బస కర్రీ విలేజ్‌లో. పేరు చూసి మనవాళ్లెవరైనా పెట్టిన హోటలేమో అనుకోకండి. 1899లో కర్రీ అనే దంపతులు అక్కడ డేరాలేసి విడిది మొదలుపెట్టారు. ఆ ఇంటిపేరే మిగిలింది. ఇప్పటికీ కాన్వాసు గుడిసెలే. వాటి ముందు పెద్ద ఇనుప పెట్టెలు ఉంటాయి, ఎలుగుబంట్ల కోసం! అంటే వాటిని పెట్టడానికి కాదు, వాటికి దొరక్కుండా మన తిండి దాచుకోవడానికి. తిండే కాదు, టూత్‌పేస్టు, సబ్బు, వాసనొచ్చేదేదైనా ఆ పెట్టెలోకి పోవాల్సిందే. నెల్లూరు అమ్మాయి తెచ్చిన ఆవకాయ సీసాని రెండు కవర్లలో చుట్టి, ఇనుప పెట్టెలో పెట్టి, తలుపు పడిందో లేదో మూడుసార్లు చూసుకున్నారట.

తెల్లవారుజామున నాలుక్కి నెత్తికి హెడ్‌లైట్లు కట్టుకుని హ్యాపీ ఐల్స్ దగ్గర నడక మొదలుపెట్టారు. ఒక్కొక్కరి దగ్గరా నాలుగు లీటర్ల నీళ్లు. పార్కువాళ్లు చెప్పే లెక్క కూడా దాదాపు అంతే. వేయించిన పల్లీలు, ఖర్జూరాలు, ఆరు పొట్లాల పులిహోర సరేసరి. పులిహోర ఆలోచన రాజమండ్రి అబ్బాయిది. ఎనర్జీ బార్లు ఎందుకు దండగ అన్నాడు. ఆ రోజు అందరికన్నా మంచి సలహా అదే.

ముప్పావు మైలు దాటాక ఒక చిన్న వంతెన, తాగే నీళ్ల కుళాయి వస్తాయి. మంచి నీళ్ల కుళాయి అదే చివరిది. ఆ పైన మెర్సెడ్ నది నీళ్లే శుద్ధి చేసుకుని తాగాలి. వంతెన దాటాక మిస్ట్ ట్రైల్ మొదలవుతుంది. 600కి పైగా రాతి మెట్లు, పక్కనే 317 అడుగుల వెర్నల్ జలపాతం. మే, జూన్ నెలల్లో ఆ తుంపరకి మనిషి నిలువునా తడిసిపోతాడు. సెప్టెంబరుకి ధార సన్నబడుతుంది. పైకెళ్లాక నీళ్లు పచ్చలా మెరుస్తూ, చెరువులా నెమ్మదిగా కనిపిస్తాయి. కాళ్లు కడుక్కుందామా అనిపిస్తుంది. అదే మాయ. 2011 జులైలో కంచె దాటి ఆ నీళ్లలోకి దిగిన ముగ్గురు యువతీయువకులు జలపాతం మీది నుంచి కొట్టుకుపోయారు. కంచె దగ్గర హెచ్చరిక బోర్డు ఉంటుంది. చదివి పక్కకి తప్పుకోవడానికి అరనిమిషం పడుతుంది, అంతే.

594 అడుగుల నెవాడా జలపాతం తలమీదికి చేరేసరికి తెల్లారింది. లిటిల్ యోసెమిటీ వ్యాలీలో నది ఒడ్డున కూర్చుని సగం పులిహోర తిన్నారు. అక్కడే ఫిల్టరుతో సీసాలు నింపుకోవాలి. మా వాడు నింపుకోలేదు. ‘ఇంకా రెండు లీటర్లు ఉన్నాయి, మోయడం దేనికి’ అనుకున్నాడు. ఈ మాట గుర్తుంచుకోండి.

ఎవరూ అడుగుపెట్టలేరన్న చోట

ఇంతకీ ఆ కొండకి మిగతా సగం ఏమైంది? హిమానీనదాలు వచ్చి సగానికి కోసుకుపోయాయని చెప్పుకుంటారు కానీ, భూగర్భ శాస్త్రవేత్తల మాట వేరు. ఆ రాతిలో నిలువు పగుళ్లున్నాయి. వాటి వెంట పలకలు పలకలుగా ఊడిపడి ముందు భాగం గోడలా తేలింది. అసలది ఎప్పుడూ పూర్తి గుండ్రంగా లేదు, పోయింది కొంచెమే. లోయలో తరతరాలుగా బతికిన అహ్వానీచీ తెగవాళ్ల కథ మాత్రం నాకు ఎక్కువ నచ్చింది. అది టిస్సాక్ అనే ఆడమనిషట. మొగుడితో గొడవపడి రాయిగా మారిపోయింది. గోడ మీది నల్లటి చారలు ఆమె కన్నీళ్లట. మన అహల్య గుర్తురావట్లేదూ!

ఈ శిఖరం మీద మనిషి ఎప్పటికీ అడుగుపెట్టలేడని 1860ల్లో కాలిఫోర్నియా భూగర్భ సర్వే తేల్చేసింది. పదేళ్లు గడిచాయి. జార్జ్ ఆండర్సన్ అనే స్కాట్లండ్ కమ్మరి రాతికి ఒక్కొక్క రంధ్రమే తొలుస్తూ, ఇనుప మేకులు దిగ్గొడుతూ, వాటినే మెట్లుగా చేసుకుంటూ 1875 అక్టోబరు 12న పైకెక్కేశాడు. ఇప్పుడున్న ఇనుప తాళ్లు 1919లో సియెర్రా క్లబ్ వేయించినవాటికి వారసులు. మే చివర్లో స్తంభాలెత్తి తాళ్లు నిలబెడతారు, అక్టోబరులో మళ్లీ రాతి మీదికి వాల్చేస్తారు.

400 అడుగులు

ఉదయం పదకొండు. సబ్ డోమ్ అనే చిన్న కొండ అడుగున రేంజరు పర్మిట్ చూసింది. ఖమ్మం అమ్మాయి గుర్తింపు కార్డు చూపించింది. ‘ఉరుము వినిపించినా, చుట్టుపక్కల నల్ల మబ్బు కనిపించినా పైన ఉండకండి. పైన ఉంటే దిగేయండి, కింద ఉంటే ఎక్కకండి’ అని చెప్పి పంపింది రేంజరు. అప్పటికి ఆకాశం నీలంగానే ఉంది.

సబ్ డోమ్ మెట్లెక్కి తాళ్లు కనిపించే చోటికి రాగానే వరంగల్ అబ్బాయి కింద కూర్చుండిపోయాడు. ‘నేను రాను. ఇక్కడే ఉంటా. బ్యాగులు చూసుకుంటా’ అన్నాడు. ఎవరూ బలవంతపెట్టలేదు. మోకాలు నొప్పని నెల్లూరు అమ్మాయీ ఆగిపోయింది. నిజానికి ఆమెకి మోకాలు నొప్పేం లేదని వారం తర్వాత ఒప్పుకుంది.

మిగతా నలుగురూ చేతి తొడుగులు వేసుకున్నారు. రెండు ఇనుప తాళ్లు, పట్టుకోవడానికి నడుమెత్తులో ఉంటాయి. మధ్యలో మనిషి పట్టేంత దారి. పదడుగులకోసారి కాలు ఆనించడానికి ఒక చెక్క పలక. 400 అడుగుల పొడవునా అంతే. పైకెళ్లేవాళ్లూ, దిగేవాళ్లూ అందులోంచే. లక్షల బూట్ల రాపిడికి రాయి నున్నగా అరిగిపోయింది. చేతులతో శరీరాన్ని లాక్కుంటూ పలక నుంచి పలకకి వెళ్లాలి. ఎవరో ఒకరు ఆగితే వెనక అందరూ ఆగాల్సిందే.

సగం పైన ఆగిపోయింది గుంటూరు అబ్బాయి. నలుగురిలో బలంగా కనిపించేది అతనే, రోజూ జిమ్‌కి వెళ్తాడు. ఒక పలక మీద కాలు పెట్టాక రెండో కాలు కదల్లేదు. చేతులు తాడుని వదలట్లేదు. పైనుంచి దిగేవాళ్లు, కింద నుంచి ఎక్కేవాళ్లు అందరూ నిలిచిపోయారు. ఒక్కరూ విసుక్కోలేదు. వెనకున్న నెరిసిన జుట్టు అమెరికన్ ఆవిడ మాత్రం ‘తొందరేం లేదు బాబూ, నాకూ ఊపిరి తీసుకోవాలనే ఉంది’ అందట.

అప్పుడు చూసింది ఖమ్మం అమ్మాయి. తూర్పు వైపు కొండల వెనక తెల్లటి మబ్బు ఒకటి గోపురంలా పైకి లేస్తోంది, అడుగున నల్లగా. ఆమె భర్త కన్నా నాలుగు పలకలు పైనుంది. కొమ్ము ఇంకో వందడుగులే ఉంటుంది. మూడేళ్ల లాటరీ, మూణ్నెల్ల సాధన, తన పేరు మీద పర్మిట్. ‘మీరిద్దరూ వెళ్లిరండి, నేను ఈయన్ని దింపుతా’ అని వెనక్కి తిరిగింది.

నాకు ఈ కథలో కొండెక్కిన వాళ్లకన్నా ఈమే ఎక్కువ నచ్చింది. ఇదే మాట ఫోన్‌లో ఆమెతో అంటే ‘నచ్చడానికేం లేదండీ, నాకు ఏడుపొచ్చింది. ఆయనకి కనిపించకూడదని అటు తిరిగి దిగా’ అంది. రాతికి ఎదురుగా తిరిగి, నిచ్చెన దిగినట్టు వెనక్కి ఒక్కో అడుగే. ‘ఇప్పుడు ఎడం కాలు... పలక తగిలిందా... ఇప్పుడు చెయ్యి’ అని చెబుతూ దింపింది. ముప్పావుగంట పట్టింది.

మా వాడూ, రాజమండ్రి అబ్బాయీ పైకి చేరారు. పైన ఫుట్‌బాల్ మైదానాలు కొన్ని పరిచినంత చదునైన రాయి. అంచు దగ్గర కింద లోయ, చీమ దారుల్లాంటి రోడ్లు. అంత ఎత్తులో వాడి ఫోన్‌కి సిగ్నలొచ్చింది. టింగుమని పిన్ని పెట్టిన వాట్సాప్. ‘లేచావా నాన్నా? టిఫిన్ తిన్నావా? గుడిలో అర్చన చేయించావా?’

అది చదువుతుండగా దూరంగా ఉరిమింది. పది నిమిషాలు కూడా ఉండలేదు. ఒక ఫొటో తీసుకుని దిగడం మొదలుపెట్టారు. తడిస్తే ఆ రాయి సబ్బు పూసినట్టే. పిడుగు పడితే పట్టుకున్నది ఇనుప తాడు! 1985లో తుపాను గాలిలో శిఖరం మీద ఉండిపోయిన అయిదుగురు కుర్రాళ్ల మీద పిడుగులు పడి ఇద్దరు చనిపోయారు. వీళ్లు సబ్ డోమ్ దిగి చెట్లలోకి వచ్చాక నాలుగు చినుకులు పడ్డాయి. మబ్బు అటే వెళ్లిపోయింది. ‘అనవసరంగా దిగాం’ అన్నాడట రాజమండ్రి అబ్బాయి. ఎవరూ జవాబివ్వలేదు.

అసలు కష్టం తిరుగు ప్రయాణంలో వచ్చింది. మధ్యాహ్నం రెండున్నరకే మా వాడి నీళ్లయిపోయాయి. వరంగల్ అబ్బాయి తన దాంట్లోంచి అరలీటరు పోశాడు. నది దాకా వచ్చేసరికి వాడికి తలనొప్పి, వాంతులు. కొండెక్కని ఆ ఇద్దరే అప్పుడు అందరికీ దిక్కయ్యారు. నీళ్లు వడకట్టి, ఉప్పూ పంచదారా కలిపి గంటసేపు కొద్దికొద్దిగా పట్టించారు. మిస్ట్ ట్రైల్ మెట్లు చీకట్లో ప్రమాదమని, పొడుగైనా ఏటవాలు తక్కువుండే జాన్ మ్యూర్ దారిలో దిగారు. హెడ్‌లైట్లు మళ్లీ వెలిగాయి. హ్యాపీ ఐల్స్ చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. మిగిలిన పులిహోరని ఇనుప పెట్టె ముందు నిలబడే తినేశారు, ఆవకాయతో.

మీ పిల్లలూ వెళ్తానంటే...

వద్దనడం తేలిక, వినడం కష్టం. వెళ్లేవాళ్లని అడగాల్సినవి వేరే ఉన్నాయి. పర్మిట్ ఉందా? నీళ్లు ఎన్ని లీటర్లు, మధ్యలో నింపుకోవడానికి ఫిల్టరుందా? ఎన్నింటికి వెనక్కి తిరుగుతారు? గుంపులో ఒకరు ఆగిపోతే వాళ్లతో ఎవరుంటారు? అన్నిటికన్నా ముందు, ఎక్కడికి వెళ్తున్నారో ఒక్కరికైనా నిజం తెలుసా? వీళ్ల విషయంలో సన్నీవేల్‌లో పక్కింటివాళ్లకి కూడా తెలీదు. ఫొటోల పిచ్చి ఇంకో ప్రమాదం. 2018 అక్టోబరులో ఇదే పార్కులో టాఫ్ట్ పాయింట్ దగ్గర మన దేశపు యువ దంపతులు లోయలో పడి చనిపోయారు. అక్కడ తాళ్లెక్కే సాహసమేం లేదు. కారు దిగి కాస్త దూరం నడిస్తే వచ్చే కొండ అంచు అది.

పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు బెంగపడక్కర్లేదు. మెట్లెక్కకుండా హాఫ్ డోమ్‌ని చూసే చోట్లు చాలా ఉన్నాయి. గ్లేసియర్ పాయింట్ దాకా వేసవిలో కారు వెళ్తుంది. ఎదురుగా కొండ అలా నిలబడి ఉంటుంది. టయోగా రోడ్డు మీద ఓమ్‌స్టెడ్ పాయింట్ ఇంకొకటి. అక్కణ్నుంచి కొండ వీపు కనిపిస్తుంది. బైనాక్యులర్ పెడితే ఆ తాళ్లూ, వాటి మీద మనుషులూ కూడా!

2024 ఆగస్టులో పిన్నినీ, బాబాయినీ మా వాడు అక్కడికే తీసుకెళ్లాడు. అంతకు నెల ముందు, జులైలో, వానకి తడిసిన ఆ రాతి మీది నుంచి 20 ఏళ్ల అమ్మాయి జారిపడి చనిపోయింది. తండ్రి పక్కనే ఉన్నాడు. ఆ వార్త పిన్ని చదివింది. బైనాక్యులర్ కళ్లకి పెట్టుకుని చాలాసేపు చూసింది. ‘చీమల్లా ఉన్నార్రా. ఎవరు కన్నబిడ్డలో’ అంది.

ఇక దాచలేక చెప్పేశాడు.

పిన్ని బైనాక్యులర్ దించలేదట. బాబాయే ఏదో అనబోతే చేత్తో ఆగమంది. కాసేపయ్యాక, అటే చూస్తూ అడిగింది.

‘నీళ్లెన్ని పట్టుకెళ్లావు?’

‘నాలుగు లీటర్లమ్మా.’

‘సరిపోయాయా?’

‘లేదు.’